మరణకాలాన్ని తెలిపే కీటకాలు

ఒక మనిషి అనుమానాస్పదమైన పరిస్థితులలో మరణించినప్పుడు, న్యాయస్థానంలో వైద్యుణ్ణి తప్పక అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది: "చనిపోయి ఎంతకాలమై ఉంటుంది?" ఈ ప్రశ్న పైకి కనిపించినంత చిన్నది కాదు. నేరం మోపబడిన వ్యక్తి మంగళవారంనాడు ఆ ఊళ్ళోనే లేడని పదిమంది సాక్ష్యం చెప్పవచ్చు. అప్పుడు మరణం సోమవారం సంభవించిందా, మంగళవారం సంభవించిందా అన్న ఒక్క విషయంమీదనే అతని ప్రాణం ఆధారపడి ఉంటుంది.

మొదటి రెండు మూడు దినాలవరకు వైద్యునికి కొన్ని ఆధారాలు దొరుకుతాయి. ప్రాణం పోయిన తర్వాత శరీరం క్రమంగా చల్లబడుతుంది. కండరాలు బిగుసుకొని, కొంతకాలానికి మళ్ళీ సడలిపోతాయి. రక్తం క్రిందివైపుకు దిగి చర్మంమీద మచ్చలు ఏర్పడతాయి. వీటినిబట్టి గంటలు లెక్కకట్టవచ్చు. కాని ఈ ఆధారాలు ఎక్కువకాలం నిలిచేవి కావు. శరీరం చుట్టూ ఉన్న గాలితో సమానంగా చల్లబడిన తర్వాత ఉష్ణమాపకం చెప్పగలిగింది ఇక ఏమీ ఉండదు. (ఇది చలిదేశాల పుస్తకాలలోని మాట. మన రామగుండంలోనో, రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం గాలి ఉష్ణోగ్రత 44 డిగ్రీలు ఉంటే, 37 డిగ్రీల శరీరం చల్లబడటమనే ప్రశ్నే లేదు.) మూడు దినాలు దాటిన తర్వాత వైద్యుని అంచనా చాలావరకు ఊహే అవుతుంది. సరిగ్గా అక్కడినుంచే కీటకశాస్త్రజ్ఞుని పని మొదలవుతుంది.

చనిపోయిన జంతువును వెదుక్కుంటూ అన్నిటికంటె ముందు వచ్చేవి ఈగలు. ఇవి మన ఇళ్ళలో అన్నంమీద వాలే బూడిదరంగు ఈగలు కావు. చేపల అంగడిలోను, కసాయి దుకాణంలోను, నీలంగానో ఆకుపచ్చగానో లోహపు రేకులా మెరుస్తూ, పెద్ద రొదతో తిరిగే ఈగలు. పగటివేళ, వాతావరణం వెచ్చగా ఉంటే, ఇవి కొద్ది నిమిషాలలోనే వాసన పసిగట్టి వచ్చి వాలుతాయి. కళ్ళు, ముక్కు, నోరు, గాయాలు - ఇట్లా తడిగా, మెత్తగా ఉన్న చోట్లు చూసుకొని ఆడ ఈగ వందా రెండు వందల గ్రుడ్లు గుత్తిగా పెడుతుంది. ఎండకు ఎండిపోకుండాను, పుట్టిన పిల్లలకు వెంటనే ఆహారం అందేటట్లుగాను అది ఆ చోటును ఎన్నుకొంటుంది.

ఈగల ఈ నేర్పును నేరపరిశోధనకు వాడుకోవడం ఇప్పటి మాట కాదు. చీనాదేశంలో సుంగ్ ట్సు అనే న్యాయాధికారి 1247లో శవపరీక్షను గురించి ఒక గ్రంథం వ్రాశాడు. అందులో ఒక కథ ఉన్నది. ఒక గ్రామస్థుణ్ణి ఎవరో కొడవలితో నరికి చంపారు. విచారణకు వచ్చిన అధికారి ఆ చుట్టుప్రక్కల వారందరి కొడవళ్ళను తెప్పించి ఎండలో వరుసగా పెట్టించాడు. డెబ్బై ఎనభై కొడవళ్ళున్నా ఈగలు ఒక్కదానిమీదనే ముసిరాయి. ఎంత కడిగినా పోని రక్తపు జాడ మనిషి కంటికి కనిపించలేదు గాని ఈగకు తెలిసింది. కొడవలి యజమాని నేరం ఒప్పుకొన్నాడు.

అయితే ఈ కథలో ఈగ హంతకుణ్ణి చూపించిందే గాని కాలాన్ని చెప్పలేదు. కాలం చెప్పాలంటే ఈగ ఎట్లా పుడుతుందో ముందుగా తెలియాలి. కుళ్ళిన మాంసంలోనుంచి పురుగులు వాటంతట అవే పుట్టుకొస్తాయని ఐరోపాలో పండితులు సైతం నమ్ముతూ వచ్చారు. 1668లో ఇటలీ దేశస్థుడు ఫ్రాన్సెస్కో రెడి కొన్ని జాడీలలో మాంసం ఉంచి, కొన్నిటి మూతులకు పలుచని గుడ్డ కట్టి, కొన్నిటిని తెరచి ఉంచాడు. తెరచి ఉంచిన వాటిలోనే పురుగులు కనిపించాయి. ఈగ రానిదే పురుగు లేదని దీనివల్ల తేలింది. మన విషయానికి పునాది ఇదే. పురుగు ఉన్నదంటే ఒకప్పుడు ఈగ వచ్చి గ్రుడ్డు పెట్టింది. ఆ పురుగు వయస్సు తెలిస్తే ఈగ వచ్చిన దినం తెలుస్తుంది.

పురుగు వయస్సు చెప్పడం ఎట్లా? సీతాకోకచిలుకలో మాదిరిగానే ఈగలో కూడా నాలుగు దశలున్నాయి. గ్రుడ్డునుంచి వెలువడే కాళ్ళులేని తెల్లని పురుగును డింభకం అంటారు. అది తిని పెరుగుతూ రెండుసార్లు కుబుసం విడుస్తుంది. అందువల్ల డింభక జీవితంలో మూడు అంతస్తులు ఏర్పడతాయి. పురుగు పొడవునుబట్టి మాత్రమే అంతస్తును చెప్పబోతే పొరబాటు పడవచ్చు. ఆహారం చాలనప్పుడు ముదిరిన పురుగు కూడా చిన్నదిగానే ఉంటుంది. కాని ప్రకృతి ఒక మంచి గుర్తు పెట్టింది. డింభకం తన వెనుక కొసనున్న రెండు శ్వాసరంధ్రాలతో గాలి పీలుస్తుంది. తల ఆహారంలో మునిగి ఉంటుంది గనుక ముక్కు వెనుక ఉండటమే దానికి సౌకర్యం! ఒక్కొక్క శ్వాసరంధ్రంలో మొదటి అంతస్తులో ఒక చీలిక, రెండవ అంతస్తులో రెండు చీలికలు, మూడవ అంతస్తులో మూడు చీలికలు ఉంటాయి. సూక్ష్మదర్శినితో చూసి చీలికలు లెక్కపెడితే చాలు.

మూడవ అంతస్తు పూర్తి అయిన పురుగు తినడం మాని, ఆ చోటు వదలి దూరంగా ప్రాకిపోతుంది. మట్టిలోనో, ఆకులక్రిందనో, ఇంటిలోనైతే చాపక్రిందనో చేరి, తన కడపటి చర్మాన్నే గట్టిపరచుకొని చిన్న గోధుమగింజలాంటి గూడుగా చేసుకొంటుంది. ఇది కోశస్థ దశ. గూడు మొదట తెల్లగా ఉండి, కొన్ని గంటలలో ఎర్రబారి, తర్వాత ముదురు గోధుమరంగుకు వస్తుంది. లోపల రూపవిక్రియ పూర్తి అయిన తర్వాత ఈగ ఆ గూటి కొసను టోపీలా ఊడదోసి బయటపడుతుంది. ఖాళీ గూడు మాత్రం సంవత్సరాల తరబడి చెడకుండా ఉంటుంది. తెలిసిన పరిశోధకుడు అందుకే శవం ఉన్న చోటనే గాక దాని చుట్టూ కొన్ని గజాల మేర మట్టిని కూడా త్రవ్వి జల్లెడ పడతాడు. అక్కడ ఒక్క ఖాళీ గూడు దొరికినా లెక్క మారిపోతుంది. ఒక తరం అప్పటికే ముగిసిందన్నమాట.

ఇంతవరకు చెప్పింది గడియారంలోని అంకెలవంటిది. ముల్లు తిరిగే వేగం ఇంకా చెప్పవలసి ఉన్నది. ఆ వేగాన్ని నిర్ణయించేది వేడిమి.

కీటకాలకు మనవలె స్థిరమైన శరీర ఉష్ణోగ్రత లేదు. చుట్టూ వెచ్చగా ఉంటే త్వరగా పెరుగుతాయి, చల్లగా ఉంటే నిదానిస్తాయి, ఒక హద్దు దాటి చల్లబడితే పెరగడమే మానుతాయి. పెరుగుదలకు కావలసింది ఇన్ని దినాలు అనడం కంటె ఇంత మొత్తం వేడిమి అనడం సరిగా ఉంటుంది. ఈ ఆలోచనను 1735లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు రెయోమూరు మొక్కల విషయంలో ప్రతిపాదించాడు. విద్యార్థులకు తెలిసిన చిన్న ఈగతోనే దీన్ని లెక్క చేసి చూద్దాం. మ్రగ్గిన అరటిపండుమీద మూగే డ్రోసోఫిలా ఈగ గ్రుడ్డునుంచి ఈగ అయ్యేసరికి 25 డిగ్రీల సెంటిగ్రేడువద్ద సుమారు 10 దినాలు పడుతుంది. 18 డిగ్రీలవద్ద సుమారు 19 దినాలు పడుతుంది. ఉష్ణోగ్రత తగ్గింది ఏడు డిగ్రీలే, కాలం మాత్రం దాదాపు రెట్టింపు అయింది. ఇప్పుడు 10 డిగ్రీలకు దిగువన దీని పెరుగుదల ఆగిపోతుందని అనుకొందాం. అప్పుడు 25 డిగ్రీలవద్ద దినానికి పనికివచ్చే వేడిమి 15 డిగ్రీలు, పది దినాలకు 150. పద్ధెనిమిది డిగ్రీలవద్ద దినానికి 8 డిగ్రీలు, పందొమ్మిది దినాలకు 152. రెండు మొత్తాలు దాదాపు సమానం! ఈ మొత్తాన్ని "దిన-డిగ్రీలు" అంటారు. ఒక జాతి ఈగకు ఈ సంఖ్య, ఆ హద్దు ఉష్ణోగ్రత తెలిసి ఉంటే, పురుగు దొరికిన దినంనుంచి వెనుకకు, ఒక్కొక్క దినపు వేడిమిని తీసివేసుకుంటూ పోయి, గ్రుడ్డు పెట్టిన దినాన్ని పట్టుకోవచ్చు. మరీ ఎక్కువ వేడిలో మాత్రం ఈ లెక్క చెల్లదు. అప్పుడు కీటకం పెరగడానికి బదులు చనిపోతుంది.

కనుక పరిశోధకునికి మూడు విషయాలు కావాలి: పురుగు ఏ జాతిది, ఏ దశలో ఉన్నది, అది పెరిగిన చోట ఉష్ణోగ్రత ఎంత. దీనికోసం అతడు పెద్ద పురుగులను ఏరి రెండు భాగాలు చేస్తాడు. ఒక భాగాన్ని మరుగుతున్నంత వేడి నీటిలో ముంచి, తర్వాత ఆల్కహాలులో భద్రపరుస్తాడు. వాటి వయస్సు అక్కడితో ఆగిపోతుంది. రెండవ భాగాన్ని ప్రయోగశాలలో ఆహారమిచ్చి ఈగలయ్యేవరకు పెంచుతాడు. పురుగును చూసి జాతిని గుర్తించడం కష్టం, ఈగను చూసి గుర్తించడం సులభం. ఉష్ణోగ్రతలను దగ్గరలోని వాతావరణ కేంద్రంనుంచి తెప్పించుకొని, ఆ చోట కొన్ని దినాలు స్వయంగా కొలిచి, తేడాను సరిచూస్తాడు.

ఇవన్నీ తెలియకముందే ఈగను సాక్షిగా పిలిచిన వైద్యుడొకడు ఉన్నాడు. 1850లో ఫ్రాన్సులోని ఆర్బ్వా పట్టణంలో ఒక ఇంటి పొగగూటిని బాగుచేస్తుండగా, దాని వెనుక ఎండిపోయిన ఒక శిశువు శరీరం బయటపడింది. సహజంగానే ఆ ఇంటిలో అప్పుడు కాపురమున్న దంపతులమీద అనుమానం పడింది. బెర్జెరె అనే వైద్యుడు ఆ శరీరంలో మాంసపు ఈగల గూళ్ళను, ఒక రకపు చిమ్మటల పిల్లలను చూశాడు. ఈగలు తాజా శరీరంమీదికి 1848లో వచ్చి ఉండాలని, చిమ్మటలు ఎండిన శరీరంమీదికి 1849లో వచ్చి ఉండాలని లెక్కకట్టాడు. దానితో అనుమానం అప్పటి దంపతులనుంచి తొలగి, 1848లో ఆ ఇంట ఉన్నవారిమీదికి మళ్ళింది.

తీర్మానం బాగానే ఉన్నది, దానికి చేర్చిన తర్కంలో మాత్రం లోపమున్నది. కీటకం గ్రుడ్డునుంచి ప్రౌఢదశకు రావడానికి పూర్తిగా ఒక సంవత్సరం పడుతుందని బెర్జెరె భావించాడు. వేసవిలో మాంసపు ఈగ ఒక తరాన్ని కొన్ని వారాలలోనే ముగిస్తుందని ఇప్పుడు మనకు తెలుసు. అతని పనిని కొనియాడే పుస్తకాలు ఈ సంగతిని ఒక వాక్యంతో దాటివేస్తాయి. అది సరికాదని నా ఉద్దేశం. ఆ ఇంటివారి భవిష్యత్తు ఒక ఈగ జీవితచరిత్ర మీద ఆధారపడి ఉండగా, ఆ చరిత్ర ఆనాటికి ఇంకా సరిగా వ్రాయబడలేదు. అదే దేశంలో 1894లో మేన్యా అనే సైనిక పశువైద్యుడు, శవంమీదికి కీటకాలు ఎనిమిది దండులుగా ఒకదాని వెనుక ఒకటి వస్తాయని గ్రంథం వ్రాశాడు. మొదట ఈగలు, చివరకు ఎండిన చర్మాన్ని, వెంట్రుకలను తినే పెంకుపురుగులు, చిమ్మటలు. నెలలు గడిచిన శవాల విషయంలో నేటికీ ఈ వరుసే ఆధారం. దండుల సంఖ్య, క్రమం మాత్రం దేశాన్నిబట్టి మారతాయి.

న్యాయస్థానాలలో ఈగకు పేరు తెచ్చిన కేసు బ్రిటనులో 1935లో జరిగింది. అందులో ముద్దాయి బొంబాయిలో పుట్టిన పార్సీ వైద్యుడు. ఇంగ్లండులోని లాంకాస్టరులో బక్ రక్స్‌టన్ అనే పేరుతో వైద్యం చేసేవాడు. సెప్టెంబరు మధ్యలో అతని భార్య, పిల్లలను చూసుకొనే పరిచారిక కనిపించకుండా పోయారు. సెప్టెంబరు 29వ తేదీన, అక్కడికి నూరు మైళ్ళకు పైగా దూరాన, స్కాట్లండులోని మోఫట్ వద్ద ఒక వాగు లోయలో మూటలు కట్టి పారవేసిన ఇద్దరి శరీరభాగాలు దొరికాయి. గుర్తుపట్టడానికి వీలులేకుండా చేసినవాడు శరీరనిర్మాణం బాగా తెలిసినవాడని చూడగానే అర్థమైంది. ముఖాలను, వ్రేళ్ళను జాగ్రత్తగా చెరిపివేసిన ఆ చేతులకు పురుగుల సంగతి తోచలేదు. గ్లాస్గో విశ్వవిద్యాలయంలోని డాక్టరు మెర్న్స్ వాటిని పరీక్షించి, అవి నీలి ఈగ డింభకాలని, వాటి వయస్సు 12 నుంచి 14 దినాలని చెప్పాడు. వెనుకకు లెక్కపెడితే సెప్టెంబరు నడిమికి వస్తుంది. మూటలకు చుట్టిన పత్రికలలో ఒకటి సెప్టెంబరు 15వ తేదీది. పైగా అది లాంకాస్టరు ప్రాంతంలో మాత్రమే అమ్మిన ప్రత్యేక ప్రతి. ఇవి, ఇంకా అనేక ఇతర సాక్ష్యాలు కలిసి నేరాన్ని రుజువు చేశాయి. 1936 మే నెలలో రక్స్‌టన్‌ను ఉరితీశారు. ఒక్క పురుగే అతణ్ణి పట్టించిందనడం అతిశయోక్తి. అది చెప్పిన తేదీ మిగిలిన సాక్ష్యాలతో అతికింది, అంతే. కాని న్యాయస్థానానికి కావలసింది అట్లా అతకడమే.

కంటికి కనిపించే కుళ్ళును నమ్ముకొంటే ఎంత మోసపోతామో మరొక కేసు చెబుతుంది. 1964 జూన్ 28న ఇంగ్లండులో బ్రాక్నెల్ సమీపాన ఉన్న అడవిలో, గాలానికి ఎరగా పురుగులకోసం వెదుకుతున్న ఇద్దరు పిల్లలకు గడ్డిపెళ్ళలక్రింద ఒక శవం కనిపించింది. దాని స్థితిని చూసిన పోలీసులు ఆరు నుంచి ఎనిమిది వారాలై ఉంటుందనుకొన్నారు. ఆచార్య కీత్ సింప్సన్ మాత్రం పురుగులను చూసి, అవి ఇంకా గూళ్ళు కట్టలేదు గనుక, కనీసం తొమ్మిది పది దినాలు, బహుశా పన్నెండుకు మించదని చెప్పాడు. జూన్ 16న కనిపించకుండా పోయిన ఒక మనిషితో ఈ లెక్క సరిపోయింది. ఆ మనిషిని తర్వాత కూడా ప్రాణాలతో చూశామని కొందరు సాక్షులు చెప్పినా, జ్యూరీ పురుగుల లెక్కనే నమ్మింది.

ఆరు వారాలనుకొన్నది పన్నెండు దినాలెట్లా అయింది? ఎండాకాలంలో శరీరాన్ని కరిగించేవి ముఖ్యంగా పురుగులే. అమెరికాలో జెర్రీ పేన్ 1965లో ప్రకటించిన ప్రయోగంలో పందిపిల్లల కళేబరాలను కొన్నిటిని కీటకాలకు అందేటట్లు, కొన్నిటిని అందకుండా ఉంచాడు. కీటకాలు చేరినవి వేసవిలో ఆరు దినాలలోనే నూటికి తొంభై వంతుల బరువు కోల్పోయాయి. చేరనివి నెమ్మదిగా ఎండిపోతూ చాలాకాలం ఆకారం నిలుపుకొన్నాయి.

ఇక ఈ గడియారం చెప్పలేని దానిని గురించి. పురుగు తెలిపేది మరణించిన క్షణాన్ని కాదు. ఈగ శవాన్ని చేరిన క్షణాన్ని. ఈ రెండూ ఒకటే కానక్కరలేదు. "కనీసం ఇన్ని దినాలై ఉంటుంది" అన్న మాట కీటకశాస్త్రజ్ఞుడు అనగలిగింది. "సరిగ్గా ఇన్ని దినాలు" అన్నది దానికి న్యాయవాది అంటించిన తోక. ఈగలు సాధారణంగా రాత్రివేళ గ్రుడ్లు పెట్టవు. జోరువానలోను, మంచి చలిలోను ఎగరవు. శవం పెట్టెలోనో, నీటిలోనో, మూసిన గదిలోనో ఉంటే చాలా ఆలస్యంగా వస్తాయి. హవాయి దీవులలో లీ గాఫ్ అనే కీటకశాస్త్రజ్ఞునికి దుప్పట్లలో బిగించి చుట్టిన ఒక శవం ఎదురయింది. పురుగుల వయస్సు పదిన్నర దినాలని తేలింది. ఆయన ఒక పందిని అదే విధంగా దుప్పట్లలో చుట్టి తన పెరటిలో ఉంచి కనిపెట్టాడు. ఈగలు లోపలికి చేరడానికి రెండున్నర దినాలు పట్టింది. రెండూ కలిపితే పదమూడు. చనిపోయిన మనిషిని చివరిసారి చూసింది పదమూడు దినాల క్రితమే! లోపల కూడా చిక్కులున్నాయి. వేల పురుగులు ఒకచోట గుంపుగా చేరి కదులుతుంటే ఆ గుంపు మధ్య వేడి చుట్టూ ఉన్న గాలికంటె పది ఇరవై డిగ్రీలు ఎక్కువ కావచ్చు. శరీరంలో కొకేయిన్ ఉంటే దానిని తిన్న పురుగులు త్వరగా ఎదిగి, ఉన్న వయస్సుకంటె పెద్దగా కనిపిస్తాయి.

కాలనిర్ణయాన్ని మితిమీరి నమ్మితే ఏమవుతుందో కెనడాలోని ట్రస్కాట్ కేసు చూపుతుంది. 1959లో 14 ఏండ్ల బాలునికి, అంటే మన తొమ్మిదవ తరగతి విద్యార్థి వయస్సువానికి, హత్యానేరంమీద ఉరిశిక్ష విధించారు. పొట్టలోని ఆహారాన్నిబట్టి వైద్యుడు మరణకాలాన్ని సాయంకాలం 7 గంటలకు, 7-45కు మధ్య అని బిగించి చెప్పడం అందులో ముఖ్య సాక్ష్యం. శిక్షను తర్వాత యావజ్జీవంగా మార్చారు. 1969లో అతణ్ణి విడిచిపెట్టారు. ఆ శవంమీది పురుగులను గురించి 1959లోనే వ్రాసిపెట్టిన వివరాలను 2006లో అప్పీలు న్యాయస్థానం ముందు కీటకశాస్త్రజ్ఞులు పరిశీలించారు. వారు ఏకాభిప్రాయానికి రాలేకపోయారు. 2007లో న్యాయస్థానం అతణ్ణి నిర్దోషిగా ప్రకటించి, ఆనాటి తీర్పు న్యాయానికి జరిగిన అపచారమన్నది. దాదాపు ఏబదేండ్లనాటి ఒక సీసాను గురించిన వ్రాతలు ఇంకా పనికివచ్చాయంటే, సేకరించినప్పుడు జాగ్రత్తగా వ్రాసిపెట్టడం ఎంత ముఖ్యమో ఊహించవచ్చు.

మన దేశంలో 2024 జూలై 1నుంచి అమలులోకి వచ్చిన నాగరిక సురక్షా సంహిత ప్రకారం, ఏడేండ్లు, ఆపైన శిక్షపడే నేరాలలో ఫోరెన్సిక్ నిపుణుడు నేరస్థలానికి వెళ్ళాలి. దీనిని పూర్తిగా అమలుపరచడానికి రాష్ట్రాలకు అయిదేండ్ల గడువున్నది. అట్లా వెళ్ళే వారి సంచిలో కెమెరాతోపాటు రెండు సీసాలు, ఒక ఉష్ణమాపకం కూడా ఉండాలి. ఐరోపా పట్టికలు మనకు పనికిరావు. మోఫట్‌లో పన్నెండు దినాల తర్వాత కూడా పురుగుగానే ఉన్న నీలి ఈగ వేరు, మన అంగళ్ళలో కనిపించే ఎర్రకళ్ళ క్రైసోమియా మెగసెఫాలా వేరు. ఇది 27 డిగ్రీలవద్ద సుమారు పది దినాలకే రెక్కలు విప్పి ఎగిరిపోతుంది. దీని దాయాది ఒకటి, క్రైసోమియా రూఫిఫేసిస్, ఇంకా చిత్రమైనది. దాని పురుగులు ఇతర ఈగల పురుగులను కూడా తినివేస్తాయి. ముందు వచ్చిన సాక్షిని వెనుక వచ్చినవాడు మ్రింగివేసినట్లే! ఏ జిల్లాలో, ఏ ఋతువులో, ఏ ఈగ ఎన్ని దినాలలో పెరుగుతుందో పట్టికలు తయారు చేయవలసింది మన జంతుశాస్త్ర శాఖలే.

లెక్క ఎట్లా పనిచేస్తుందో పాఠశాలలో చూడటానికి మాంసంతో పనిలేదు. వెడల్పు మూతి సీసాలో మ్రగ్గిన అరటిపండు ముక్క వేసి, ఒక పూట తెరచి ఉంచి, ఆ తర్వాత పలుచని గుడ్డ కట్టాలి. రెడి చేసింది ఇదే. తెరచిన గంటను, కట్టిన గంటను వ్రాసుకోవాలి, గడియారం ఆ రెంటి మధ్య ఎప్పుడో మొదలయింది. ప్రతి దినం ఉదయం, మధ్యాహ్నం, రాత్రి సీసా ప్రక్కన ఉష్ణోగ్రత చూసి సగటు కట్టి, దానినుంచి 10 తీసివేసి, మిగిలినదాన్ని కూడుకుంటూ పోవాలి. మొదటి ఈగ బయటికి వచ్చిన దినంతో లెక్క ముగుస్తుంది. వేసవిలో ఇది కుదరదు. జనవరిలో, అరకులోని పాఠశాల ఒకటి, మచిలీపట్నంలోని పాఠశాల ఒకటి ఒకే వారంలో మొదలుపెట్టి, తమ అంకెలను ఒకరికొకరు వ్రాసుకొంటే బాగుంటుంది. దినాల సంఖ్య రెండుచోట్లా చాలా తేడాగా వస్తుంది. మొత్తాలు 150కి దగ్గరగా రాకపోతే, సీసాలో పెరిగిన ఈగ జాతి వేరా అని భూతద్దంతో చూడాలి.